చెట్టు బొమ్మతో పాటు రూల్ కూడా వెయ్యాల్సింది

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్న ఆదివారం అనుబంధంలో కంప్యూటర్ గీసిన చెట్ల బొమ్మలు వేశారు, సగం పేజీ పచ్చగా భలే ఉంది, కానీ కింద ఏఐ అద్భుతం అని రాసేసరికి ఉసూరుమనిపించింది. అది ఏఐ కాదండి. 1968లో ఆరిస్టిడ్ లిండెన్‌మేయర్ అని హంగరీలో పుట్టిన బయాలజిస్టు రాసిన పద్ధతి, అక్షరాల్ని ఒక రూల్ ప్రకారం మారుస్తూ మొక్క పెరుగుదల చూపిస్తుంది, ఎల్-సిస్టమ్ అంటారు, ఆ ఎల్ ఆయన పేరులోదే. పేరు తప్పు రాశారని కూడా కాదు నా బాధ, అన్ని బొమ్మలు వేసి వాటి వెనకున్న రూల్ మాత్రం వెయ్యలేదు, అది ఉండేదే ఒక్క లైను.

ఆయన మొదలెట్టింది చెట్లతో కాదు, దారంలా ఒకే వరసలో పెరిగే నాచు లాంటివాటితో. కణాలు చిన్నది (చి), పెద్దది (పె) అని రెండు రకాలు అనుకోండి. చిన్నది పెద్దదవుతుంది, పెద్దది విడిపోయి ఒక పెద్దది ఒక చిన్నది అవుతుంది, అంతే. చి, పె, పెచి, పెచిపె, పెచిపెపెచి... లెక్కపెడితే 1, 1, 2, 3, 5, తర్వాత 8. ఫిబోనాచీ అని వాట్సాప్‌లో దండాలు పెట్టిస్తారే, ముందు రెండు అంకెలు కూడితే తర్వాతది వచ్చే వరస, అదే, ఇక్కడ ఎవరూ కూడికలు చెయ్యకుండానే వచ్చేసింది.

మా మనవరాలికి ఇస్తే నోట్‌బుక్‌లో రెండు పేజీలు నింపి ఇది అవ్వట్లేదు తాతయ్యా అంది. చూస్తే, చి తీసి పె పెట్టి, ఆ కొత్త పె ని కూడా వెంటనే మార్చేస్తోంది, ఇక అయ్యేదెప్పుడు. ఉన్నవన్నీ ఒకేసారి మారాలి, కొత్తగా వచ్చినవాటిని వచ్చే రౌండు దాకా ముట్టుకోకూడదు. అసలు కీలకం అక్కడే ఉందండి. భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ భాషలకి రాసిన గ్రామర్లలో మార్పులు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి, మొక్కలో కణాలు క్యూలో నిలబడవు కదా, అందుకని లిండెన్‌మేయర్ అన్నిటినీ ఒకేసారి మార్చమన్నాడు.

మా ఆవిడ తెలుగు పండిట్‌గా రిటైరైంది, ఇదంతా విని "ఏవండీ, ఇది మా గసడదవాదేశం కదా" అంది. నేను ముప్ఫై ఏళ్ళు బోటనీ చెప్పాను గానీ నాకు తట్టలేదు. నిజమే, కచటతపలు తీసి గసడదవలు పెట్టడం కూడా ఒకటి తీసి ఇంకోటి పెట్టే ఆదేశమే, పైగా ముందు ప్రథమావిభక్తి పదం ఉంటే జరుగుతుంది, అంటే పక్కన ఏముందో చూసుకోవాలి. మొక్కలోనూ అంతే. కడియం నర్సరీల్లో ఎవర్నడిగినా చెప్తారు, బంతి మొక్క తల తుంచితే పక్క పిలకలు లేస్తాయని. కొన మొగ్గ నుంచి ఆక్సిన్ అనే హార్మోన్ దిగుతున్నంత సేపూ కింది మొగ్గలు అణిగి ఉంటాయి, అది ఆగితే లేస్తాయి, ఇలా పక్కవాటిని చూసి మారే రూల్స్ కూడా ఎల్-సిస్టమ్‌లో ఉన్నాయి. ఇక సూత్రంలో బహుళం అంటారే, ఒకసారి జరిగి ఒకసారి జరక్కపోవడం, దానికీ వీళ్ళు చోటు పెట్టారు, ఈ రూల్ ఇన్ని వంతులు ఆ రూల్ అన్ని వంతులు అని, లేకపోతే తోటలో చెట్లన్నీ ఫొటోస్టాట్ తీసినట్టు ఉంటాయి.

ఇప్పుడు మీరు వెయ్యని లైను. గీ అంటే ముందుకి చిన్న గీత, + అంటే ఎడమకి తిరుగు, - అంటే కుడికి, బ్రాకెట్ తెరిస్తే ఉన్నచోటు గుర్తుపెట్టుకో, మూస్తే మళ్ళీ అక్కడికే వచ్చెయ్, మెయిన్ రోడ్డు నుంచి సందులోకెళ్ళి వెనక్కి వచ్చినట్టు.

గీ → గీ[+గీ]గీ[-గీ]గీ

ఒక గీతతో మొదలెట్టి, తిరిగే కోణం 25.7 డిగ్రీలు పెట్టి, ఉన్న ప్రతి గీ తీసి బాణం కుడిపక్కనున్నది పెట్టడం ఐదు రౌండ్లు చేస్తే 3125 గీతలొస్తాయి, చూస్తే గాలికి ఊగే గడ్డి దుబ్బులా ఉంటుంది. ఇలాంటివి ఎన్నో లిండెన్‌మేయర్, ప్రెమిస్వావ్ ప్రుసింకివిచ్ కలిసి రాసిన ది ఆల్గరిథమిక్ బ్యూటీ ఆఫ్ ప్లాంట్స్‌లో ఉన్నాయి, 1990లో వచ్చింది, అప్పటికి లిండెన్‌మేయర్ పోయి ఏడాది. నెట్‌లో ఫ్రీగానే దొరుకుతుంది. బొమ్మ మొక్కలా ఉన్నంత మాత్రాన మొక్క లోపల జరిగేది తెలిసిపోయినట్టు కాదు, అది కూడా పిల్లలకి చెప్పాలి.

సంక్రాంతి పేజీకి పనికొస్తుందని ఇంకో మాట, మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వాళ్ళతో కలిసి కమలా కృతివాసన్, 1974లోనే ముగ్గులకి ఇలాంటి గ్రామర్లు రాశారు.

సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం, వేస్తే మాత్రం పైన రాసిన లైను ఉన్నదున్నట్టు వెయ్యండి, బ్రాకెట్లు ఒక్కటి కూడా ఎగిరిపోకుండా చూడమని డీటీపీ వాళ్ళకి చెప్పండి, మూసే బ్రాకెట్ ఒకటి పోయిందా, సందులోకెళ్ళినోడు వెనక్కి రాడు, మిగతా చెట్టంతా ఆ పక్క కొమ్మ చివర్నుంచే మొలుస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరర్, రాజమండ్రి