చిట్టికి నాయన రాసేది

అనంతపురం

చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ జేజికి మోకాళ్ల నొప్పులు తగ్గాయి, నోరు మాత్రం తగ్గలేదు. వాన లేక చెనక్కాయ చేను వాడుతోంది. నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. లెక్కపెట్టింది మీ అమ్మ, నేను కాదు.

గుత్తి చిన్నాయన మొన్న వచ్చి కాఫీ తాగుతూ ఒక మాట వదిలిపోయాడు. మీరు నలుగురూ కలిసి కొన్న ఆ పాత సెస్నా చిన్న విమానానికి జీపీఎస్ పెట్టిస్తున్నారట, పది వేల డాలర్లు దాటుతుందట. "కారులో ఫోను పెట్టుకుని పోతాం కదా, దానికంత ఎందుకు?" అన్నాడు. నేనూ ఊ కొట్టాను. ఆయన పోయినాక పక్కింటి పిల్లోడితో నెట్‌లో వెతికించాను. చేతిలో పట్టుకునేది వెయ్యి డాలర్ల లోపే వస్తుందట. కానీ మబ్బుల్లో దాన్నొక్కదాన్నే నమ్ముకుని పోవడానికి ఒప్పుకోరట. ఆమోదం ఉన్నది ప్యానెల్‌లో బిగించాల్సిందేనట.

మన బోరు మోటారు గుర్తొచ్చింది. అప్పుడు నువ్వు ఐదో తరగతి. అంగట్లో మోటారు ధర అడిగి, సరిగ్గా అంతే డబ్బు జేబులో పెట్టుకుని పోయాను. తెచ్చినాక కేబులు పొట్టిదైంది. కేబులు కొంటే పాత స్టార్టరు పనికిరాదన్నారు. స్టార్టరు మారిస్తే పైపులు చాలవన్నారు. దించేవాళ్లకు కూలీ, మధ్యాహ్నం సంగటి, కోడికూర. ఆ కోడి మీ జేజి పెంచుకున్నది, ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. అంతా అయ్యాక, జాయింటు కిట్టు ఎందుకు, టేపు చుట్టండి చాలన్నాను. పదకొండో రోజు మోటారు కాలింది. పైకి లాగితే జాయింటు దగ్గర టేపు తడిసి, నల్లగా ఊడి వేలాడుతోంది.

నీకు చెప్పేంతటివాణ్ణి కాను. అయినా అడుగు: ఆ ధరలో బిగింపు కూలీ, యాంటెన్నా, వైరింగు, కాగితాలు అన్నీ కలిశాయా? 28 రోజులకోసారి మ్యాపుల డేటా మారుతుందట, దాని చందా ఎవరు కడతారు? నలుగురూ సమానంగా వేసుకుంటారా, జీతం ఎక్కువని నీ నెత్తిన పెడతారా? సెకండ్ హ్యాండ్‌ది చౌకని తెస్తే రేపు రిపేరుకు సామాన్లు దొరకాలి కదా. నీది చెయ్యి పెద్దది, చిన్నప్పటి నుంచీ అంతే.

2009లో రాజశేఖర్ రెడ్డి గారి హెలికాప్టరు నల్లమలలో కనబడకుండా పోయిన రాత్రి మనింట్లో టీవీ ఆర్పలేదు. మర్నాడు గానీ జాడ తెలియలేదు. మబ్బు పడితే మీ అమ్మ ఇప్పటికీ ఆ మాటే ఎత్తుతుంది.

వద్దని రాయడానికే కూర్చున్నాను. కొను. టేపు చుట్టించొద్దు, సరైన మెకానిక్ చేతే బిగించు. డబ్బు తక్కువైతే నాకు చెప్పు, చిన్నాయనకు కాదు. అది బిగించేదాకా మబ్బులో ఎగరొద్దు.

చెనక్కాయల పొడి పంపుతున్నాం. మూత గట్టిగా పెట్టు, మెత్తబడుతుంది.

మీ నాయన

తా.క.: ఇప్పుడు నీ దగ్గరున్న ఆ చేతి జీపీఎస్‌కు బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది? రాయి. లేదంటే ఫోన్ చెయ్యి.