బాలింత పాదాలు నొక్కేముందు పిక్కలు చూడండి

సంపాదకులకు,
బాలింతకు పాదాల రిఫ్లెక్సాలజీ (పాదాల్లో కొన్ని చోట్ల వేళ్లతో నొక్కే మర్దన) చేయించే ఇళ్లవారికి ఒక మాట. అరచెంచా గోరువెచ్చని నువ్వుల నూనె చాలు. మడమ నుంచి వేళ్లవైపు బొటనవేలితో మెల్లగా, ఒక్కో పాదానికి 10 నిమిషాలు నొక్కాలి. ఆమె పాదం వెనక్కి లాక్కుంటే ఒత్తిడి ఎక్కువైనట్టే. నూనె తుడవకుండా టైల్స్‌పై నడవనివ్వకండి, బిడ్డ చేతిలో ఉంటుంది. ఈ మర్దన హాయినిస్తుంది గానీ, కుట్ల నొప్పికి డాక్టరు రాసిన మాత్రలు మాన్పించకండి.

అసలు భయం పిక్కల్లో ఉంది. కాన్పయ్యాక 6 వారాల దాకా, సిజేరియన్ అయితే ఇంకా ఎక్కువగా, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పుంటుంది. ఒక్క కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అసలు మర్దన చేయొద్దు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆయాసం కూడా ఉంటే 108కి ఫోన్ చేయండి.

- ప్రసూతి వార్డు నర్సులు, తిరుపతి