పాత 32-బిట్ కంప్యూటర్లు వాడుతున్న మా వినియోగదారులకు

చెన్నై రిచీ స్ట్రీట్‌లోని మా దుకాణంలో బిల్లింగ్ కోసమో, అకౌంట్ల కోసమో డెబియన్ (లినక్స్ మీద నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించిన పాత కంప్యూటర్లు తీసుకున్న వారందరికీ ఈ మార్పును ముందుగానే తెలియజేస్తున్నాము. 2026 జనవరి నుంచి మేము అమ్మే ప్రతి కంప్యూటర్‌లోనూ, సర్వీసుకు వచ్చినవాటిలో తిరిగి ఎక్కించే సిస్టమ్‌లోనూ 64-బిట్ డెబియన్ 13 మాత్రమే ఉంటుంది. 32-బిట్ అంటే పాత తరం ప్రాసెసర్ రకం, 64-బిట్ అంటే దాని తరువాత వచ్చిన రకం. 32-బిట్ ప్రాసెసర్లకు పనికివచ్చే పాత డెబియన్ 12ను ఇకపై అడిగినవారికి, వారి అవసరమేమిటో విన్న తరువాతే ఎక్కిస్తాము.

ఇది మేము సొంతంగా పెట్టిన నిబంధన కాదు. 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13లో 32-బిట్ ప్రాసెసర్ల కోసం అధికారిక కెర్నెల్ (సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రాము) లేదు, ఇన్‌స్టాలర్ కూడా లేదు. పాత 32-బిట్ ప్రోగ్రాములను 64-బిట్ యంత్రం మీద నడుపుకోవడానికి కావలసిన ప్యాకేజీలను మాత్రం ఉంచారు. 32-బిట్ సిస్టమ్ ఉన్నవారు 13కు అప్‌గ్రేడ్ చేయవద్దని, వీలైతే 64-బిట్‌ను కొత్తగా ఎక్కించుకోవాలని, వీలు కాకపోతే ఆ యంత్రాన్ని పక్కన పెట్టాలని డెబియన్ వారు విడుదల పత్రంలోనే రాశారు.

మా అమ్మకాల్లో కొంత భాగం ఈ పాత యంత్రాల మీదే ఆధారపడినా, ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం బయటపడినప్పుడు 64-బిట్ లినక్స్‌కు రక్షణ ఆ నెలలోనే వచ్చింది. 32-బిట్ కెర్నెల్‌కు అదే రక్షణ ఆ ఏడాది అక్టోబరులో విడుదలైన 4.19 వెర్షన్‌లో గాని చేరలేదు. పట్టించుకునేవారు తగ్గిపోయిన చోట మరమ్మతు ఆలస్యం కాక తప్పదు. మీ ఖాతాదారుల బాకీలు, జీఎస్టీ లెక్కలు ఉన్న కంప్యూటర్‌ను అటువంటి పునాది మీద నిలబెట్టి, ఏమీ కాదులెండి అని చెప్పడానికి నాకు మనసొప్పదు.

అయితే కంగారు పడి యంత్రాన్ని తీసేయకండి. మా దగ్గరకు వచ్చే చాలా కంప్యూటర్లలో ప్రాసెసర్ 64-బిట్‌దే ఉంటుంది. ర్యామ్ తక్కువని ఎప్పుడో 32-బిట్ సిస్టమ్ ఎక్కించి ఉంటారు, అంతే. కాబట్టి సెట్టింగ్స్‌లో 32-బిట్ అని కనిపించగానే ఒక నిర్ణయానికి రావద్దు, అది ఎక్కించిన సిస్టమ్ గురించి చెప్పేమాట. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ (lscpu) కమాండ్ ఇచ్చి చూడండి. పై వరుసల్లో 32-బిట్ పక్కన 64-బిట్ కూడా ఉంటే మీ యంత్రానికి డెబియన్ 13 ఎక్కుతుంది. పేర్లు చూసి పొరబడే అవకాశం కూడా ఎక్కువే. 2006 జనవరిలో వచ్చిన కోర్ డ్యువో 32-బిట్‌ది, అదే ఏడాది జులైలో వచ్చిన కోర్ 2 డ్యువో 64-బిట్‌ది. 2008 నాటి చిన్న నెట్‌బుక్‌లలో ఉన్న ఆటమ్ ఎన్270 మాత్రం అంత తరువాత వచ్చినా 32-బిట్‌దే, దానికి దారి లేదు.

నిజంగా ఇబ్బంది పడేవారు ఎవరో నాకు తెలుసు. మాధవరంలో మా వాళ్లదే ఒక లారీ బుకింగ్ ఆఫీసు ఉంది. అక్కడి పాత పెంటియం 4 వెనుక లావుపాటి ప్యారలల్ కేబుల్‌తో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ తగిలించి ఉంటుంది. కార్బన్ పెట్టిన ఎల్‌ఆర్ (లారీలో వేసిన సరుకుకు ఇచ్చే రసీదు) మీద సూది దెబ్బ అడుగు ప్రతి వరకు పడాలి గనుక లేజర్ ప్రింటర్ వారికి పనికిరాదు. కొత్త మదర్‌బోర్డుల్లో ఆ పోర్టు దాదాపు కనిపించదు. వారికి మేము ప్యారలల్ కార్డు వేసిన 64-బిట్ యంత్రం పెట్టి, పాత 32-బిట్ ఎల్‌ఆర్ ప్రోగ్రామునే దాని మీద నడిపిస్తున్నాము. ప్రింటరూ మారలేదు, కాగితమూ మారలేదు. ఇటువంటి ఏర్పాటు కావలసినవారు ప్రింటర్ మోడల్, ప్రోగ్రాము వివరాలు ముందే పంపితే పరీక్షించి చెబుతాము.

డెబియన్ 12లోనే ఉండిపోదలచినవారికి 2028 జూన్ 30 వరకు దీర్ఘకాల భద్రతా అప్‌డేట్ల గడువు ఉంది. కాని బ్రౌజర్ విషయం వేరు. 32-బిట్ లినక్స్‌కు ఫైర్‌ఫాక్స్ 145 నుంచి మద్దతు లేదు. ఫైర్‌ఫాక్స్‌లోనే ఎక్కువ కాలం మద్దతు ఉండే ఈఎస్ఆర్ 140కి మాత్రం కనీసం 2026 సెప్టెంబరు వరకు అప్‌డేట్లు ఇస్తామని దాన్ని తయారుచేసే మొజిల్లా చెప్పింది. ఆ తరువాత ఆ యంత్రంలో బ్యాంకు పనులు పెట్టుకోవద్దని, బిల్లింగ్‌కే పరిమితం చేసి ఇంటర్నెట్ తీసేయమని నా సలహా.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ముగిసిన తరువాత ఆరో తరం, ఏడో తరం ఇంటెల్ యంత్రాలు పనికిరావనుకుని అమ్మడానికి తెస్తున్నవారికి కూడా ఒక మాట. విండోస్ 11 జాబితాలో లేనంత మాత్రాన ఆ ప్రాసెసర్ శక్తి తగ్గిపోలేదు, అవన్నీ 64-బిట్‌వే. పాత సామాను ధరకు నాకు అమ్మేకంటే డెబియన్ ఎక్కించుకుని ఇంకొన్నేళ్లు వాడుకోవడమే మీకు లాభం.

మేము అమ్మిన యంత్రాలకు 32 నుంచి 64-బిట్‌కు మార్చే పనికి రుసుము తీసుకోము. సిస్టమ్‌ను పూర్తిగా కొత్తగా ఎక్కించాలి గనుక, వచ్చేముందు డేటాను పెన్‌డ్రైవ్‌లోకో బయటి హార్డ్ డిస్కులోకో కాపీ చేసుకుని రండి.