వైస్ ఛాన్సలర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి,

మా రూమ్మేట్ తనకు జరిగిన లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు ఇచ్చి ఐదు నెలలైంది సార్. తన అనుమతితోనే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. మూడుసార్లు మెయిల్ పెట్టాం, రెండుసార్లు మీ ఆఫీసు బయట బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాం, జవాబు రాలేదు కాబట్టే ఇలా అందరి ముందూ అడగాల్సి వస్తోంది.

2015 యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనల ప్రకారం విచారణ 90 రోజుల్లో ముగియాలి. కానీ ఆ విచారణ చేయాల్సిన కమిటీ కింద హాస్టల్ నోటీసు బోర్డు మీద ఇప్పటికీ రిటైరైపోయిన మేడం పేరే ఉంది.

మా రూమ్మేట్ రాత్రంతా లైటు వేసుకునే పడుకుంటోంది. ల్యాబ్‌లో పక్క టేబుల్ దగ్గర తను ఫిర్యాదు చేసిన అతనే ఉంటాడని వెళ్లడం మానేసింది, అటెండెన్స్ తగ్గిందని ఇంటికి ఉత్తరం వెళ్తే వాళ్లమ్మ భయపడి ఫోన్‌లో ఏడ్చేసింది.

విద్యార్థి ప్రతినిధులతో సహా కమిటీని ఈ వారమే వేయండి. విచారణ తేదీ రాతపూర్వకంగా ఇవ్వండి. అప్పటిదాకా అతని ల్యాబ్ బ్యాచ్ మార్చండి, తనకు కౌన్సెలర్‌ను ఏర్పాటు చేయండి.

ఇట్లు,
మీ విశ్వవిద్యాలయ విద్యార్థిని