ఈఏ అమ్మకం: వడ్డీ కట్టేదెవరు?

సంపాదకుడు గారికి,

ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) అనే వీడియో గేమ్‌ల కంపెనీ అమ్మకం మీద మొన్న మీరు వేసిన వార్తలో షేరుకు 210 డాలర్లని, మొత్తం 5,500 కోట్ల డాలర్లని, కొనేది సౌదీ ప్రభుత్వ నిధి పీఐఎఫ్, పెట్టుబడి సంస్థలు సిల్వర్ లేక్, ట్రంప్ అల్లుడి అఫినిటీ పార్ట్‌నర్స్ అని రాశారు. షేర్లున్నవాళ్లకు అన్నీ చెప్పారు, ఆట ఆడేవాళ్లకు ఒక్క ముక్కా లేదు.

ఆ మొత్తంలో 2,000 కోట్ల డాలర్లు అప్పు. కొనేది వాళ్లు, అప్పు పడేది కంపెనీ నెత్తిన. 2025 మార్చితో ముగిసిన ఏడాదికి ఈఏ నికర లాభం దాదాపు 112 కోట్ల డాలర్లు. 6 శాతం వడ్డీ వేసుకున్నా ఏటా 120 కోట్ల డాలర్లు కావాలి. అది ఉద్యోగాల కోతలోంచైనా రావాలి, ఆటలో అమ్మకాల్లోంచైనా రావాలి. కోత పడితే ఇక్కడి హైదరాబాద్ స్టూడియోకు తగలదన్న హామీ ఏముంది?

అమ్మకాల సంగతి ఈఏ ఫుట్‌బాల్ ఆట ఎఫ్‌సీ ఆడే ప్రతి పిల్లాడికీ తెలుసు. అందులోని అల్టిమేట్ టీమ్‌లో ఆటగాళ్ల కార్డుల ప్యాకు కొంటే లోపల ఎవరొస్తారో తెలీదు. పెద్ద కార్డు వచ్చే అవకాశం ‘1 శాతం కన్నా తక్కువ’ అని ఓ మూల ఉంటుంది. ఏడాది తిరిగి కొత్త ఆట రాగానే పాత కార్డులు, కాయిన్లు అక్కడే మిగిలిపోతాయి. బెల్జియం ఇది జూదమేనని 2018లోనే తేల్చింది, 2019 జనవరిలో ఈఏ అక్కడ ప్యాకులు కొనే పాయింట్ల అమ్మకం ఆపేసింది. మన కేంద్రం 2025 ఆగస్టులో చట్టం చేసి ఆన్‌లైన్ రమ్మీని మూయించింది. ఈ ప్యాకుల ఊసు మాత్రం అందులో విడిగా లేదు. గేమింగ్ హబ్ అంటూ రిబ్బన్లు కత్తిరించే మంత్రులకు, ఆడేవాడూ వినియోగదారుడేనని ఎప్పుడు తడుతుందో!

సర్వర్లదీ అదే గోల. ఈఏ ఆట ఆంథెమ్ సర్వర్లు 2026 జనవరి 12న ఆపేశారు. అది ఆన్‌లైన్ లేకుండా నడవని ఆట కాబట్టి డిస్కు చేతిలో ఉన్నా లాభం లేదు. అప్పుల్లో ఉన్న కంపెనీ జనం తగ్గిన ఆటలకు కరెంటు ఖర్చు ఎన్నాళ్లు పెడుతుంది?

న్యూకాసిల్ ఫుట్‌బాల్ క్లబ్‌లో పెద్ద వాటా కూడా పీఐఎఫ్‌దే. ఇక ఎఫ్‌సీ ఆటలో ఆ జట్టు ఆటగాళ్ల రేటింగులు చూడాలి మరి.

ఆశ లేదని కాదు. కంపెనీ షేర్ మార్కెట్ నుంచి బయటికొస్తే మూడు నెలలకోసారి ఇన్వెస్టర్లకు లెక్క చెప్పే పని తప్పుతుంది, స్టూడియోలకు కాస్త గడువు దొరకొచ్చు. 2006లో వచ్చిన ఈఏ ఆట క్రికెట్ 07కి మనవాళ్లు ఇప్పటికీ కొత్త జెర్సీలు, స్క్వాడ్ల ప్యాచ్‌లు వేసుకుని ఆడుతున్నారు. ఇంత డబ్బున్నవాళ్లు కొత్త క్రికెట్ ఆట ఒకటి తీస్తే కొననివాడెవడు?

ఈసారి కంపెనీవాళ్లు మీ విలేకరికి దొరికితే షేరు ధర కాకుండా, ఏ ఆట సర్వర్లు ఎప్పటిదాకా నడుపుతారో రాతపూర్వకంగా అడగమనండి.

– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి