ఊదారంగు కప్ప, సున్నపురాతి కొండల ఖాన్యూ

అమలాపురం

ప్రియ మిత్రమా,

కోనసీమలో తొలకరి పడి, ఆకుమడులలో కప్పలు అరవడం మొదలైనప్పటి నుండి, మన ఊళ్ళలో కనిపించని రెండు ప్రాణులను గురించి నీతో తీరికగా మాట్లాడాలని ఉంది. ఒకటి నీవున్న కేరళలోని పడమటి కనుమల ఊదారంగు కప్ప. రెండవది లావోస్ దేశపు సున్నపురాతి కొండలలో తిరిగే ఖాన్యూ అనే ఎలుక.

ఆ కప్పను బిజు, బోసూయ్ అనే శాస్త్రవేత్తలు 2003లో లోకానికి పరిచయం చేశారు. ఏడాదిలో అధికభాగం నేలలోపలే చెదపురుగులను తింటూ గడిపి, తొలి వానలకు జతకట్టడానికి మాత్రమే కొద్ది రోజులు పైకి వస్తుంది కనుక, అంతకు 80 ఏళ్ళకు పైబడి ముందే దాని తోకకప్పను వర్ణించిన వారికి సైతం పెద్ద కప్ప చిక్కలేదు. 2017లో తమిళనాడు వైపు గుర్తించిన భూపతి కప్పను మినహాయిస్తే, దీని దగ్గరి చుట్టాలన్నీ సముద్రానికి ఆవల సీషెల్స్ దీవులలోనే ఉన్నాయి. ఉప్పునీటిని ఈదలేని ఈ ప్రాణి చుట్టాలు అక్కడికి ఎలా చేరాయని ఆలోచిస్తే, మన దేశమూ ఆ దీవులూ ఒకప్పుడు ఒకే నేలగా ఉండి, సుమారు 6.5 కోట్ల సంవత్సరాల క్రితం విడిపోయాయన్న సంగతి గుర్తుకు వస్తుంది. ఈ కప్పల వంశం ఆ చీలిక కన్నా పాతది.

ఖాన్యూ మాత్రం దాగలేదు. 1990లలో ఖమ్మువాన్ ప్రాంతపు సంతలో మాంసంగా అమ్ముతుండగానే పరిశోధకుల కంటబడింది. 2005లో దానిని కొత్త కుటుంబానికి, అంటే దగ్గరి జీవజాతుల కొత్త సమూహానికి, చెందినదన్నారు. మరుసటి ఏడాదే మరొక బృందం పాత శిలాజాల పళ్ళతో, దవడలతో పోల్చి, 1.1 కోట్ల సంవత్సరాల క్రితమే అంతరించిందనుకున్న కుటుంబానికి అది చెందినదని తేల్చింది.

రెండింటిలో ఏది గొప్పదంటే నేను కప్ప పక్షమే. అయినా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వేరొకటి: ఇడుక్కి వైపు కొండజనం ఈ తోకకప్పలను, లావోస్ గ్రామస్థులు ఖాన్యూను, శాస్త్రం పేరు పెట్టకముందు నుండే పట్టి తింటున్నారు. మన వరిచేలలో వెదురు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవారికి ఏ బొరియలో ఏది ఉందో తెలిసినట్లే, ఆ ప్రాణుల జాడ వారికే ముందు తెలుసు. అందుచేత వాటిని కాపాడాలన్నా ముందుగా అడగవలసింది వారినే. మన పందికొక్కులా ఈతకు అనేక పిల్లలను కాక, ఖాన్యూ సాధారణంగా ఒక్కదానినే కంటుంది గనుక వేట దానిని త్వరగా దెబ్బతీస్తుంది. కప్ప పిల్లలేమో ఉరవడిగా పారే వానవాగులలో రాళ్ళను నోటితో కరచుకుని నెలల తరబడి పెరుగుతాయి. వాగుకు అడ్డుకట్ట వేస్తే ఆ ప్రవాహమే ఉండదు.

ఇడుక్కి నీకు దగ్గరే కాబట్టి, ఈ వానలలోనే ఒకసారి వెళ్ళి, ఏయే వాగులలో ఇప్పటికీ అవి కనిపిస్తున్నాయో అక్కడి పెద్దలను అడిగి నాకు వివరంగా రాయి.

నీ మిత్రుడు