సీసా ఎన్నాళ్లొచ్చిందో ముందు చూడండి

సంపాదకుల వారికి,

‘మొదట్లో బాగానే ఉండేది, ఇప్పుడు ఈ మందు పనిచెయ్యడం లేదండీ’ అనే మాట విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మందుల షాపుల్లో తరచూ వినబడుతుంది. జుట్టు రాలకుండా తలకు రాసుకునే మినాక్సిడిల్ గురించే. దానికి దొరికే జవాబు కూడా దాదాపు ఒకటే: మందు అయిదు శాతం ఉన్న సీసా పక్కనపెట్టి పది శాతం ఉన్న సీసా చేతికివ్వడం. ఇందులో మా ఫార్మసిస్టుల తప్పూ ఉంది. కొత్త సీసా అమ్మడానికి నిమిషం చాలు, పాత సీసా ఎలా వాడారో అడగడానికి ఓపిక కావాలి. మేం అడగాల్సినవేమిటో పాఠకులకే చెబుదామని ఈ ఉత్తరం.

మినాక్సిడిల్ ద్రావణం సీసా సాధారణంగా 60 మిల్లీలీటర్లు. పూటకు ఒక మిల్లీలీటరు చొప్పున రోజుకు రెండు పూటలు రాస్తే సరిగ్గా 30 రోజులు రావాలి. అదే సీసా రెండు నెలలు వస్తోందంటే తలకు చేరుతున్నది సగం మందే. మొదటి మూడు నెలలు రెండు పూటలా రాసి, కాస్త జుట్టు కనబడగానే రాత్రి పూటకే పరిమితమయ్యేవారున్నారు. ఊరెళుతూ సీసా ఇంట్లో వదిలేసేవారున్నారు. పెళ్లిళ్ల రోజుల్లో జుట్టు అట్టకడుతుందని మానేసేవారికైతే లెక్కేలేదు. వీళ్ల విషయంలో తగ్గింది మోతాదు, మందు శక్తి కాదు. సీసా తెరిచిన తేదీని దాని మీదే పెన్నుతో రాసి ఉంచితే నెల తిరిగేసరికి సంగతి తేలిపోతుంది.

లెక్క సరిపోయినా మందు చేరాల్సిన చోటికి చేరకపోవచ్చు. అది పనిచేసేది వెంట్రుక మీద కాదు, చర్మంలో ఉన్న కుదురు మీద. స్ప్రే మూతతో పైనుంచి కొడితే చాలావరకు జుట్టే తడుస్తుంది. ఒక మిల్లీలీటరు గీత ఉన్న డ్రాపర్ మేలు. తల పూర్తిగా ఆరాక, పలచబడిన చోట నాలుగైదు పాపిటలు తీసి, ఒక్కో పాపిట వెంబడి చుక్కలు వేసి, వేలికొనలతో అద్దాలి. తర్వాత నాలుగు గంటలు తల కడగకూడదు. పడుకునేముందు రాసి వెంటనే తల వాలిస్తే మందు దిండుకు పోతుంది. రెండు గంటల ముందే రాసుకోవాలి.

మన వైపు అసలు చిక్కు నూనెతో వస్తుంది. కొబ్బరినూనె పట్టించిన తల మీద మందు రాస్తే చర్మానికి సరిగ్గా అందదు. నూనె మానలేనివారు నూనె పెట్టే రోజున కుంకుడుకాయతోనో షాంపూతోనో జిడ్డు పోయేలా రుద్దుకుని, తల ఆరాక మందు రాసుకోవాలి. తప్పదనుకుంటే ముందు మందు, నాలుగు గంటల తర్వాత నూనె. ఈ వరస తిరగబడకూడదు.

మూత సరిగ్గా బిగించకపోతే ద్రావణంలోని ఆల్కహాల్ ఆవిరైపోయి, డ్రాపర్ చివర తెల్లని పలుకులు కడతాయి. అలాంటి సీసాలో గాఢత ఎంతుందో చెప్పలేం, పారేయడమే. ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలోనూ, పొయ్యి పక్కనా, దీపం దగ్గరా ఉంచకూడదు. అది మండే స్వభావమున్నది కూడా. నురగ రకం వాడేవారికి వేసవిలో ఇంకో ఇబ్బంది: వేళ్ల వేడికే కరిగి కారిపోతుంది. ముందు చేతులు చన్నీళ్లతో కడిగి తుడుచుకుంటే నిలుస్తుంది.

దురద పుడుతోందని తగ్గించి రాసేవారూ ఉన్నారు. చాలాసార్లు ఆ దురద ద్రావణంలో మందును కరిగించడానికి కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ వల్ల. నురగలో మామూలుగా అది ఉండదు కాబట్టి డాక్టరును అడిగి దానికి మారవచ్చు. చుండ్రుంటే రెండు శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. చర్మం పుండుగా ఉన్నప్పుడు మాత్రం మినాక్సిడిల్ రాయకూడదు, ఒంట్లోకి ఎక్కువగా ఇంకుతుంది. సింహాచలం అప్పన్నకు తలనీలాలిచ్చి వచ్చినవారికీ ఇదే మాట: కత్తి గాట్లు మానాకే మళ్లీ మొదలుపెట్టాలి. గుండు వల్ల జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకం సంగతంటారా, కుదుళ్ల సంఖ్యను కత్తి పెంచలేదు.

ఇక నెలల లెక్క. మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలడం మామూలే. పాత వెంట్రుకలు ఊడి, కొత్తవాటికి చోటిస్తున్నాయన్నమాట. అక్కడే భయపడి మానేసేవారు చాలామంది. ఫలితం కనబడడానికి కనీసం నాలుగు నెలలు, పూర్తిగా తెలియడానికి ఏడాది. ఆ తర్వాత జుట్టు ఇంకా పెరుగుతూనే పోవాలని ఆశించడం దగ్గరే ‘పనిచెయ్యడం లేదు’ అన్న మాట పుడుతుంది. వంశపారంపర్యంగా వచ్చే బట్టతల వయసుతోపాటు నడుస్తూనే ఉంటుంది; మందు దాని నడక తగ్గిస్తుంది. ఉన్నది నిలబడితే మందు పనిచేస్తున్నట్టే. ఈ సంగతి అద్దం చెప్పదు. మూడు నెలలకోసారి, అదే ట్యూబ్‌లైటు కింద, అదే దూరం నుంచి, ఆరిన తలతో, నడినెత్తికీ నుదుటికీ ఫొటో తీయించుకుని పక్కపక్కన పెట్టి చూడాలి.

కొందరిలో మినాక్సిడిల్ మొదటినుంచీ పనిచేయదు. కుదురులోని సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము దాన్ని పనిచేసే రూపంలోకి మార్చాలి. ఆ ఎంజైము తక్కువున్నవారికి పది శాతం సీసా తెచ్చినా ఒరిగేది తక్కువ. పది శాతం అయిదుకు రెట్టింపు పనిచేస్తుందన్న రుజువు లేదు, మంట మాత్రం ఎక్కువ. ఒక మిల్లీలీటరు రాయాల్సిన చోట రెండు రాసినా అంతే: జుట్టు రాదు, గుండెదడ, కళ్లు తిరగడం, కాళ్లవాపు, ముఖం మీద నూగు రావచ్చు. అసలు ఇది రక్తపోటుకు మాత్రగా వచ్చిన మందేనని గుర్తుంచుకోవాలి.

అప్పటిదాకా కుదురుగా ఉండి, ఒక్కసారిగా దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైతే మందును అనుమానించే ముందు మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టండి. డెంగీ, టైఫాయిడ్, కాన్పు, ఆపరేషన్, అన్నం మానేసి బరువు తగ్గడం - ఇలాంటివి జరిగిన రెండు మూడు నెలలకు జుట్టు తల అంతటా రాలుతుంది. ఇది బట్టతల కాదు, ఎక్కువమందిలో ఆరు నెలల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ పరీక్షలు అవసరం. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మింగుతున్నవారు ఆ సంగతి ల్యాబులో చెప్పాలి. బయోటిన్ వల్ల థైరాయిడ్ వంటి పరీక్షలు తప్పుగా రావచ్చని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరు చెబుతారు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వారికి ప్రత్యేకంగా ఒక మాట. కిడ్నీ జబ్బులో రక్తహీనత మామూలు, దానివల్ల కూడా జుట్టు రాలుతుంది. అది బట్టతల మందుకు లొంగేది కాదు. ఈ మధ్య తక్కువ మోతాదు మినాక్సిడిల్ మాత్రలు ఒకరు చెబితే ఒకరు కొంటున్నారు. ఆ మాత్ర ఒంట్లో నీరు నిలిచేలా చేస్తుంది. కిడ్నీ, గుండె జబ్బులున్నవారు తమను చూసే డాక్టరును అడగకుండా దాని జోలికి పోకూడదు.

రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు కావచ్చు. దాని వైద్యం వేరు. దాని మీద వెల్లుల్లి రుద్ది చర్మం కాల్చుకోవడం మానాలి. ఊడినచోట ఎర్రగా పొలుసులు, నొప్పి, చీము ఉన్నా, వెంట్రుకల రంధ్రాలే కనబడకుండా చర్మం మెరుస్తున్నా ఆలస్యం చేయకుండా చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాలి. మచ్చకట్టిన చోట జుట్టు తిరిగి రాదు.

ఫినాస్టెరైడ్ బట్టతలకు మగవారు వేసుకునే మాత్ర, రోజుకు ఒక మిల్లీగ్రాము, డాక్టర్ చీటీ మీదే. ఖర్చు కలిసొస్తుందని ప్రోస్టేట్ కోసం వచ్చే అయిదు మిల్లీగ్రాముల మాత్రను బ్లేడుతో నాలుగు ముక్కలు చేస్తే ముక్కలు సమానంగా రావు. గర్భిణులు ఆ పొడిని తాకకూడదు, కడుపులోని మగబిడ్డకు హాని. మాత్ర ఆపితే రెండు వారాల్లో బట్టతలకు కారణమయ్యే డీహెచ్‌టీ హార్మోను పాత స్థాయికి చేరుతుంది, మందుతో వచ్చిన జుట్టు ఏడాదిలోపు పోతుంది. కాబట్టి నెలలో పది రోజులు వేసుకుని ఫలితం తగ్గిందనడం కుదరదు. లైంగిక సమస్యలు గానీ మనసు కుంగడం గానీ కనబడితే దాచకుండా డాక్టరుకు చెప్పాలి. ప్రోస్టేట్ కోసం పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేయించుకునేవారు కూడా ఈ మాత్ర సంగతి చెప్పాలి, ఆ అంకెను ఇది దాదాపు సగానికి తగ్గిస్తుంది. మినాక్సిడిల్‌లో ఫినాస్టెరైడ్ కలిపిన సీసాలూ బజారులో ఉన్నాయి. భర్త సీసాను భార్య వాడే ఇళ్లలో దాని మీది చిన్న అక్షరాలు తప్పక చదవాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, ఏడాది వాడినా ఫొటోల్లో జుట్టు పలచబడుతూనే ఉంటే అప్పుడు మార్పు గురించి ఆలోచించాలి. మామూలుగా పాత మందు తీసేయకుండా దానికి ఇంకోటి జతచేస్తారు. పాతది ఆపి కొత్తది మొదలుపెడితే, ఆపినందువల్ల మూడు నాలుగు నెలల్లో రాలే జుట్టు నింద కొత్తదాని మీద పడుతుంది. ఒకేసారి మూడు మార్పులు చేసినా ఏది పనిచేసిందో తెలియదు. ఓపీకి వెళ్లేటప్పుడు వాడిన సీసాలు, స్ట్రిప్పులు, ఆ ఫొటోలు, బీపీ, షుగరు, ఫిట్స్ వంటి వాటికి వాడే ఇతర మందుల చీటీలు, ఈ ఏడాదిలో వచ్చిన జ్వరాల తేదీలు వెంట తీసుకెళ్లండి.

తోటి షాపులవారికి విన్నపం: మినాక్సిడిల్ సీసా అమ్మేటప్పుడు దాని మీద తెరిచే తేదీ రాయడానికి చిన్న కాగితం అంటించండి. రెండో సీసాకు వచ్చినప్పుడు ముందు ఆ తేదీ చూడండి.

ఇట్లు,
కొందరు ఫార్మసిస్టులు,
విజయనగరం